రంగము రేవునుండి బోస్టను నగరము దాకా



ఢిల్లీలో తెలుగు ఉద్యోగి యింట జీతము వచ్చిన దినమున జరుగు ముచ్చట ఈ సభలోనివారికి క్రొత్తది కాదు. జీతము చేతికందగనే రెండు భాగములగును. ఒక భాగము ఇక్కడి పాలకు, కూరలకు, పిల్లల బడి ఫీజులకు. రెండవ భాగము ఊరిలోని తల్లిదండ్రులకు. పూర్వము అది మనియార్డరుగా పోయెడిది. నేడు బ్యాంకు ఖాతానుండి క్షణములో పోవుచున్నది. మార్గము మారినది గాని, పంపిన మొత్తము చాలినదని ఏ యింటను ఎన్నడును అనుకొనలేదు. గోలు మార్కెట్టులోను, సరోజినీ నగరములోను, రామకృష్ణపురములోను కాపురములు పెట్టిన తొలి తరమువారికి ఢిల్లీయే ఒక పరదేశము. భాష రాదు, చలి కొత్త, మంచి చింతపండు కొరకు ఊరినుండి వచ్చువారి సంచీవైపు చూడవలసినదే. అయినను వారికి రెండు ధైర్యములుండెను: సర్కారు ఉద్యోగమొకటి, ఇంటికి పోవుటకు రైలు ఒకటి. ఈ రెండును లేకుండ, చేతిలో చాలినంత డబ్బును లేకుండ, సముద్రము దాటిన తెలుగువారి సంగతి నేటి ప్రసంగ విషయము.

డబ్బున్నవాడు విదేశమునకు పోయినచో తన డబ్బుతో పోవును. అందు అడుగవలసినది లేదు. లేనివాడు పోయినచో ఎవరి డబ్బుతో పోయెను? ఆ అప్పు ఎవరు తీర్చిరి? గణాంక శాఖలలో పనిచేయువారు ఈ సభలో పలువురు గలరు గనుక ఈ ప్రశ్న వారికి విడ్డూరముగా తోచదు. వలసల చరిత్రలు వ్రాసినవారు ఓడలను, జనసంఖ్యలను లెక్కించినంత శ్రద్ధగా ఈ ఖాతాను చూచినట్లు కనబడదు.

గోదావరి పాయ యొకటి సముద్రమును సమీపించు చోట కోరంగి యను పాత రేవు గలదు. 1839 నవంబరులో వచ్చిన తుపాను ఆ రేవును నేలమట్టము చేసినది. కాలక్రమమున వ్యాపారము కాకినాడకు తరలినది. రేవు పోయినను పేరు పోలేదు. బర్మాదేశస్థులు తెలుగువానిని కోరంగీ అనియే పిలిచిరి. విశాఖపట్టణమునుండి వచ్చినవాడును కోరంగీయే, కోరంగి ముఖము చూడనివాడును కోరంగీయే. రానురాను ఆ పేరు గౌరవము లేని పిలుపుగా మారినది. మనవారు మాత్రము రంగూనును రంగము అనిరి. ఉత్తర సర్కారు జిల్లాల పల్లెలలో ఒక మగవాడు కనబడనిచో ‘రంగము పోయినాడు’ అని చెప్పుట చాలును, వేరు వివరము అక్కరలేదు.

ఇరావతీ ముఖద్వారమున వరి పంట విస్తరించిన కొలది రంగూనులో బియ్యపు మరలు వెలసినవి. మరలకు కూలీలు కావలెను. రేవులో బస్తాలు ఓడలకెక్కించుటకు కూలీలు కావలెను. వీధులు ఊడ్చుటకును, రిక్షాలు లాగుటకును మనుష్యులు కావలెను. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను నగర జనాభా సుమారు 4 లక్షలు. అందు సగమునకు మించినవారు భారతీయులే. రేవుపనిలోను మరలపనిలోను తెలుగువారి చేయి ముఖ్యమైనది. వారు పోయిన విధము ఇది. మేస్త్రీ యనువాడు పల్లెకు వచ్చును. ఓడ డెక్కుమీది టిక్కెట్టు, దారిలో తిండి, ఇంటిలో విడిచిపోవుటకు కొన్ని రూపాయలు, ఇవన్నియు మేస్త్రీ పెట్టుబడి. ఆ పెట్టుబడియును వాని సొంతము కాదు. అతనిపైన మరియొక మేస్త్రీ, అతనిపైన పెద్ద మేస్త్రీ, అందరిపైన కంట్రాక్టరు. కూలివాడు రంగమున దిగునప్పటికే అతని జీతమునుండి నలుగురికి చెల్లింపు బాకీ యుండెను. యజమాని యిచ్చిన కూలి ఆ నిచ్చెన మెట్లన్నియు దిగి వచ్చునప్పటికి చివరివాని చేతిలో పడునది ఎంతయో ఊహింపవచ్చును. ఒక గదిలో పట్టరానంతమంది పరుండెడివారు. భార్యను తీసికొని పోవుటకు తాహతు లేదు. అందువలన ఆ వలస అధికముగా మగవారి వలస. ఇంటియొద్ద పొలముపని, ముసలివారి సేవ, అప్పుల వారితో మాటలు పడుట, ఇవి స్త్రీల వంతు. రంగపు సొమ్ము వచ్చినప్పుడు ఊరిలో పెంకుటిల్లు లేచెడిది, దానిని జనులు వేలు పెట్టి చూపెడివారు. సొమ్ము రాని ఇండ్లు అధికము. వాటిని ఎవరును చూపలేదు.

ఇచట సెక్రటేరియటు ఉద్యోగులకు రుచించు ఒక సంగతి గలదు. 1922లో భారత ప్రభుత్వము వలసల చట్టము చేసినది. నైపుణ్యము లేని పనికై విదేశమునకు పోవు కూలీలను కాపాడుటకు ఆ చట్టమున ఏర్పాట్లు గలవు. కాని అప్పుడు బర్మా బ్రిటిషు ఇండియాలో ఒక రాష్ట్రము. కాకినాడనుండి రంగూను పోవుట చట్టము దృష్టిలో కాకినాడనుండి కలకత్తా పోవుట వంటిదే. అది వలసయే కాదు. మధ్య సముద్రమున్నది, భాష వేరు, ప్రజలు వేరు, అయినను కాగితముమీద అది స్వదేశము. కనుక సింహళమునకు పోవు కూలివానికి కాగితముమీదనైనను ఒక రక్షకుడుండగా, రంగము పోవు తెలుగువానికి అదియును లేదు. 1937 ఏప్రిలు 1న బర్మా వేరుపడినది. రాత్రి స్వదేశమున పరుండినవాడు తెల్లవారునప్పటికి పరదేశమున మేల్కొనెను. జనపథమునందలి జాతీయ అభిలేఖాగారములో ఆనాటి విద్యా, ఆరోగ్య, భూమి శాఖ దస్త్రములు గలవు. ప్రవాస భారతీయుల వ్యవహారము ఆ శాఖదే. వారాంతమున సెలవుగల యువకులు వాటిపై దృష్టి సారించినచో తమ తాతల ఊళ్ళ పేర్లు కనబడినను ఆశ్చర్యము లేదు.

అంతకుముందే 1930లో ఒక ఘోరము జరిగినది. మే నెలలో రేవు కూలీలైన తెలుగువారు కూలి పెంచుమని సమ్మె చేసిరి. కంపెనీలు వారి స్థానమున బర్మావారిని పెట్టుకొన్నవి. సమ్మె ముగిసి తెలుగువారు పనికి రాగా బర్మావారిని పొమ్మనిరి. మే 26న అల్లర్లు చెలరేగినవి. కొద్ది దినములలో వందకు మించినవారు హతులైరి. అందు అత్యధికులు మనవారు. ఇరుపక్షముల కూలీలును బీదవారే. పొట్టకూటి కొరకు వచ్చినవాడును, పొట్టకూడు పోగొట్టుకొన్నవాడును కొట్టుకొనిరి. కూలి నిర్ణయించినవారి ఒంటిపై గీత పడలేదు. 1941 డిసెంబరు 23న జపాను విమానములు రంగూనుపై బాంబులు వేసినవి. 1942 మార్చిలో నగరము వారి వశమైనది. లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి ఇంఫాలు, చిట్టగాంగు వైపులకు కాలినడకను బయలుదేరిరి. ఓడ టిక్కెట్టు దొరికినవారు ముందే పోయిరి. దారిలో కలరాకు, ఆకలికి బలియైనవారు టిక్కెట్టు లేనివారే. మిగిలినవారిలో పలువురు 1960 ప్రాంతముల తరువాత, అక్కడి సైనిక ప్రభుత్వము వ్యాపారములను జాతీయము చేసినప్పుడు, కట్టుబట్టలతో తిరిగి వచ్చిరి. విశాఖపట్టణమున కంచరపాలెము వైపు నేటికిని బర్మా క్యాంపు అను పేట గలదు.

ఈ కథ ముగిసిపోయినదని అనుకొనరాదు. రంగము స్థానమున దుబాయి, మస్కటు, కువైటు వచ్చినవి. గోదావరి తీరమునకు జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతములు తోడైనవి. మేస్త్రీ పేరు ఏజెంటు అయినది. 1983లో పార్లమెంటు క్రొత్త వలసల చట్టము చేసినది. ఏజెంటుకు లైసెన్సు, రుసుమునకు హద్దు, కూలివానికి బీమా, ఇవన్నియు ఆ చట్టము క్రింద క్రమముగా ఏర్పడినవి. పదవ తరగతి పూర్తికానివారి పాసుపోర్టుపై వలస తనిఖీ కావలెనను గుర్తు వేయు నియమమును ఆ కోవలోనిదే. కాని ఊరిలో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన సొమ్ము ఏ ఫారములోను ఎక్కదు. ఇది ఢిల్లీలో కూర్చొని దస్త్రములు నడుపువారు తరచుగా గుర్తుంచుకొనవలసిన సంగతి.

చదువులకై అమెరికా పోవు బిడ్డల విషయము ఈ సభలోని గృహములకు మరింత దగ్గర. కూలివానితో వారిని పోల్చుట కొందరికి నచ్చకపోవచ్చును. కాని అప్పు అప్పే. బ్యాంకు ఋణపత్రముపై విద్యార్థి సంతకము ప్రక్కన తండ్రి సంతకముండును. ఆయన పదవీ విరమణకు నాలుగైదేండ్లే యుండవచ్చును. భవిష్య నిధి కొంత కరగును, ఊరిలోని స్థలము కొంత పోవును. రూపాయి విలువ పడిపోయినప్పుడెల్ల చెల్లింపవలసిన ఫీజు పెరుగును. అక్కడ కళాశాల నడుచు దినములలో విదేశీ విద్యార్థి ఆవరణలోపల వారమునకు 20 గంటలకు మించి పనిచేయరాదని నియమము; ఆ సంపాదన భోజనమునకు సరిపోయినచో అదృష్టమే. ఇంటికి ఫోను చేసినప్పుడు మాత్రము ఆ బిడ్డ ‘అంతా బాగున్నది’ అనును. రంగమునుండి ఉత్తరము వ్రాయించినవాడును అదే వ్రాయించెడివాడు.

ఇక రంగమునకును అమెరికాకును నిజముగా ముడిపడిన ఒక వృత్తాంతము గలదు. కోరంగి ప్రాంతపు బీద కుటుంబమున పుట్టిన మల్లాడి సత్యలింగ నాయకరుగారు చిన్నతనముననే రంగము చేరి, అచట వ్యాపారమున గొప్ప ధనము గడించిరి. వేలకొలది కోరంగీలు అప్పుతో పోయి అప్పుతో వచ్చిన చోట ఇట్టి అదృష్టము ఏ యొకరికో పట్టినది. ఆయన తన ఆస్తిని ధర్మమునకు వ్రాసి యిచ్చిరి. కాకినాడ జగన్నాథపురమున ఆయన పేర వెలసిన ధర్మసంస్థ విద్యాదానమునకు ప్రసిద్ధి పొందినది. బోస్టను నగరమునకు పోదలచిన ఒక యువకునికి సహాయము చేయుదుమని ఆ సంస్థ మాట యిచ్చినది. ఆ యువకుడు యల్లాప్రగడ సుబ్బారావుగారు.

సుబ్బారావుగారు 1895 జనవరి 12న భీమవరమున జన్మించిరి. తండ్రిది రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగము. అనారోగ్యమువలన ముందుగనే విరమింపవలసి వచ్చినది. ఇంటిలో లేమి. మెట్రిక్యులేషను మూడవ ప్రయత్నమున గాని గట్టెక్కలేదు. పరీక్ష తప్పిన పిల్లలున్న యిండ్లలో ఈ సంగతి తరచు చెప్పవలసినదే. మదరాసు వైద్య కళాశాలలో చదువుచుండగా గాంధీగారి పిలుపు విని ఖద్దరు ధరించిరి. దొర ఆచార్యునకు అది గిట్టలేదు, ఫలితముగా ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికంటె తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతికి వచ్చినది. సర్కారు వైద్య శాఖలో చోటు దొరకలేదు. ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీర శాస్త్రము బోధించుచు కాలము గడిపిరి. ఇంతలో ఇద్దరు సోదరులు స్ప్రూ అను గ్రహణి వ్యాధితో కొద్ది దినముల తేడాలో మరణించిరి. అన్నము వంటబట్టక, రక్తము క్షీణించి, మనిషి చిక్కి శల్యమగు వ్యాధి అది. దానికి ఆనాటి వైద్యులయొద్ద సరియైన మందు లేదు.

అమెరికా పోవలెనన్న కోరిక అప్పటికే కలదు, లేనిది డబ్బు. ధర్మసంస్థ మాట యొకటి, మామగారు కూడబెట్టి యిచ్చిన సొమ్మొకటి, ఈ రెండింటి బలముతో ఓడ యెక్కిరి. 1919లో వివాహమైన భార్య శేషగిరిగారు ఇంటియొద్ద నిలిచిపోయిరి. 1922 అక్టోబరు 26న సుబ్బారావుగారు బోస్టనులో అడుగుపెట్టిరి. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల పాఠశాలలో చేరిరి గాని, వారికి వేతనము లేదు. అమెరికాలో వైద్యము చేయుటకు వీరి పట్టము చాలదు. మదరాసులో శరీర శాస్త్రము బోధించిన ఆచార్యుడు బోస్టను ఆసుపత్రిలో రాత్రి పనివాడుగా కుదిరి రోగుల మలమూత్ర పాత్రలు కడిగిరి. పగలు చదువు, రాత్రి ఆ పని. దీనిని గొప్ప త్యాగముగా వర్ణించి చప్పట్లు కొట్టించుట ఉపన్యాసకులకు అలవాటు. నిజమునకు అది గది అద్దె. అద్దె కట్టవలెను గనుక కడిగిరి.

ఆ దేశపు చట్టములును అనుకూలముగా లేవు. 1917 చట్టము ఆసియావాసుల వలసను నిషేధించినది. విద్యార్థులకు మాత్రము మినహాయింపు. 1923లో అక్కడి సుప్రీముకోర్టు భగత్ సింగ్ థింద్ అను పంజాబీ సోదరుని దావాలో భారతీయునకు పౌరసత్వార్హత లేదని తీర్పు చెప్పినది. 1946 వరకు ఆ తలుపు తెరువబడలేదు. తెరచినప్పుడును ఏడాదికి వలసవచ్చు భారతీయులు 100 మందికి మించరాదు. ఇరువదియైదేండ్లకు పైగా ఆ దేశమున నివసించి, చివరకు ఆ దేశ పౌరుడు కాకుండగనే సుబ్బారావుగారు కన్నుమూసిరి.

హార్వర్డులో సైరస్ ఫిస్కే అను ఆచార్యునితో కలిసి రక్తములోను మూత్రములోను భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ప్రకటించిరి. ఫిస్కే, సుబ్బారావు పద్ధతియని ప్రపంచమంతటను జీవరసాయన విద్యార్థులు దానిని నేర్చిరి. కొలత చేతికి చిక్కగనే దాగియున్న పదార్థములు బయటపడినవి. 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిను, 1929లో ఏ.టి.పి. మనిషి అడుగు వేసినను, రెప్ప వేసినను ఖర్చగు శక్తికి ఈ ఏ.టి.పి. చిల్లర నాణెము వంటిది. శరీరము దానిని క్షణక్షణము మార్చుకొని వాడుకొనును. 1930లో పిహెచ్.డి. వచ్చినది. శాశ్వత స్థానము మాత్రము హార్వర్డు ఇవ్వలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమున పెరల్ రివర్ అను ఊరిలోని లెడర్లీ ఔషధ సంస్థలో చేరి పరిశోధనకు నాయకత్వము వహించిరి.

అక్కడి ఎనిమిదేండ్లలో జరిగిన పని ముప్పదియేండ్లలో జరుగవలసినంతటిది. 1945లో ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. స్ప్రూ రోగులకు దానిని ఇచ్చిచూడగా వారి రక్తము తిరిగి పుంజుకొన్నది. సోదరులు పోయిన ఇరువదియేండ్ల పైచిలుకు తరువాత ఆ వ్యాధికి మందు దొరకినది. భారతదేశమున గర్భిణీ స్త్రీలకు ఇనుముతో కలిపి పంచిపెట్టు మాత్రలో ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. ఫోలిక్ ఆమ్లమునకు ప్రతికూలముగా పనిచేయు పదార్థములను ఆ బృందమే తయారుచేయగా, 1948లో బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు వానితో పిల్లల రక్త క్యాన్సరును తాత్కాలికముగానైనను అణచి చూపెను. అదే సంవత్సరమున ఆరియోమైసిను వెలుగులోనికి వచ్చినది. దానిని కనుగొన్న బెంజమిన్ డగ్గరు సుబ్బారావుగారి విభాగమున పనిచేసిన వృద్ధ శాస్త్రజ్ఞుడు. 1948 ఆగస్టులో నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావుగారు మరణించిరి. వయస్సు 53 ఏండ్లు.

శేషగిరిగారిని ఆయన మరల చూడలేదు. 1922లో విడిచిన మాతృదేశమునకు తిరిగి రానే లేదు. ఎందువలన రాలేదో చెప్పుటకు పలువురు పలు కారణములు వెదకిరి. ఋణము, చట్టము, పని, యుద్ధము, ఇవన్నియు కారణములే కావచ్చును. అయినను సుబ్బారావుగారి కీర్తిని గూర్చిన వ్యాసములలో ఆమె ప్రస్తావన ఒక వాక్యమునకు మించకుండుట న్యాయము కాదు. ధర్మసంస్థ మాటను, మామగారి సొమ్మును లెక్కలో వ్రాసినప్పుడు, ఇరువదియారేండ్ల ఎదురుచూపును ఏ పద్దున వ్రాయవలెను? రంగము పోయిన కూలివాని భార్యకును, బోస్టను పోయిన శాస్త్రజ్ఞుని భార్యకును ఈ ఒక్క విషయమున తేడా లేదు. ఆయన శతజయంతి సంవత్సరమైన 1995లో తపాలా శాఖ ఆయన ముఖముతో ఒక బిళ్ళను వెలువరించినది.

లెడర్లీలో తయారైన మందులలో హెట్రజాను ఒకటి. దాని అసలు పేరు డైఇథైల్ కార్బమజైను. వైద్య శాఖవారు డి.ఇ.సి. అందురు. అది బోదకాలు వ్యాధికి కారణమగు పురుగును చంపును. గోదావరి జిల్లాలలో బోదకాలు ఎట్టి పీడయో ఆ వైపువారికి చెప్పనక్కరలేదు. అరుగుమీద కాలు చాచుకొని కూర్చున్న ముసలివారిని చిన్ననాట చూడనివారుండరు. 2004 నుండి ప్రభుత్వము ఆ మాత్రను ఇంటింటికి పంపి మింగించు కార్యక్రమము నడపినది. ఆరోగ్య కార్యకర్త తలుపు తట్టి, వయస్సు అడిగి, దానినిబట్టి ఒకటియో రెండో మూడో మాత్రలు చేతిలో వేసి, తన యెదుటనే మింగుమనును. చేదుగా నున్నదని ముసలమ్మలు సణుగుదురు. మాత్ర ఎవరు చేసిరని అడిగినవారు లేరు. భీమవరము చుట్టుపట్టులనుండి వచ్చిన కుటుంబములు ఈ సభలో నాలుగైదున్నవి. ఊరికి ఫోను చేసినప్పుడు ఆ మాత్ర సంగతి అడిగినచో, ఇంటివారికి అది ఎక్కడిదో చెప్పుటకు వీలుగా ఈ నాలుగు మాటలు.